మా కోడి కూస్తే కాలనీకి నిద్ర లేదంట, ఏం చెయ్యాలె?

అడిగింది: కొట్టం_కాడి_అక్క

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది శంకర్‌పల్లి దిక్కు, మోకిల దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. ఊరి పేరు రాస్తే రేపు పొద్దుగాలనే పంచాయతీ సెక్రటరీ సారు ఫోన్ కొడతడు, అందుకే రాస్తలేను.

ఇంటెనక ముప్పై గుంటల పట్టా భూమి ఉన్నది. మా మామ బతికున్నప్పటి సంది బర్రెల కొట్టం అండ్లనే. ఇప్పుడు పాలిచ్చే ముర్రా బర్రెలు రెండు, ఒక దుడ్డె, నాటుకోళ్లు ఓ ఇరవై దాక, పుంజులు మూడు, గిన్నికోళ్లు నాలుగు. గిన్నికోళ్లు నేను తెచ్చినవి కావు. "పాములు రావు అక్కా" అని మా తమ్ముడు తెచ్చి ఇడిసిపెట్టి పోయిండు. పాముల సంగతి ఎరుక లేదు గాని, కరెంటు బిల్లు కొట్టే పిలగాడు మాత్రం గేటు దాటి లోపటికి వస్తలేడు.

పక్కనున్న మక్క చేను అమ్ముకున్నరు. ప్లాట్లయినయి, ఇప్పుడు డూప్లెక్సులు లేచినయి. మా కోళ్లగూడు ఆళ్ల ప్రహరీ గోడ పక్కనే ఉంటది. గూడు ముందుగాల కట్టిందే, గోడ తర్వాత వచ్చింది.

మొదట్ల గోడ మీదికెళ్లి ఒక సారు వంగి, "మేడమ్, మీ కోడిని సైలెంట్ మోడ్ల పెట్టరాదా" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు, నేను గూడ నవ్విన. తర్వాత చూస్తే ఆళ్ల వాట్సాప్ గ్రూపుల మా గూడు ఫొటో, దాని కింద "ఇల్లీగల్ పౌల్ట్రీ" అని. అదే కాలనీల పని చేసే మా చెల్లె బిడ్డ స్క్రీన్‌షాట్ పంపింది. అండ్ల ఒకాయన "బియ్యంల ఏదన్న కలిపి గోడ అవతలికి చల్లితే సరి" అని రాసి నవ్వే బొమ్మ పెట్టిండు. నాకైతే నవ్వు రాలే.

తప్పంతా ఆళ్లదే అంటలేను. ఒక పుంజు నడిరాత్రి రెండు కొట్టంగనే మొదలువెడతది, మిగిలిన రెండు అందుకుంటయి. నాక్కూడ మెలకువ వస్తది. మొన్న పెద్ద బర్రె సందెల నుంచి తెల్లారేదాక అరిచింది. కానీ అదే కాలనీల ఐదారిండ్లకు పాలు పోసేది నేనే. నాటుగుడ్లు కావాలని పిల్లలను పంపేది ఆళ్లే. వినాయక చవితికి ఆళ్ల క్లబ్‌హౌస్ కాడ డీజే పెడితే మా బర్రె సేపలేదు, చెంబెడు పాలు గూడ రాలే. అది నేను ఏ గ్రూపుల పెట్టాలె?

మొన్న సెక్రటరీ సారు వచ్చి, "గూడు తీసెయ్యమ్మా, లేకుంటే నోటీసు ఇస్త" అని చెప్పి పోయిండు. కాగితం ఏం ఇయ్యలే.

నిజంగ తీసేయించగలరా? నేను ముందుగాల నుంచి ఉన్న గదా, దానికి విలువ లేదా? కూత తగ్గించే ఉపాయం ఏమన్న ఉన్నదా? పుంజు మెడకు కట్టే పట్టీ ఆన్‌లైన్ల దొరుకుతదని మా పిలగాడు అంటుండు, అది కట్టొచ్చునా? పుంజులను అమ్ముదామంటే బోనాలు దగ్గరపడ్డయి. ఆ మూడింటికి అప్పుడే మంచి రేటు. జెర చెప్పున్రి.


జవాబు: ప్లాట్_ఈస్ట్‌ఫేస్

అక్కగారూ, నేను గోడకు అవతలి వైపు మనిషిని. మీ కాలనీ కాదులెండి, మాది ఘట్‌కేసర్ వైపు. తిట్టుకోకుండా చదవండి.

అమెరికా వాళ్లతో పని. లాప్‌టాప్ మూసేసరికి తెల్లవారుజామున మూడు దాటుతుంది. కన్ను అంటుకునే వేళకి మా పక్క దొడ్లో పుంజు లేస్తుంది. ఇల్లు కొన్నప్పుడు బ్రోచర్ మీద ఎర్రటి సూర్యుడు, కోడిపుంజు బొమ్మ వేసి "పల్లె ఉదయం మీ సొంతం" అని రాశారు. బొమ్మ కదా, కూయలేదు. డబ్బు కట్టేశాం.

మీకు చెప్పాల్సిన సంగతి వేరే ఉంది. మా గ్రూపులో కూడా కోడి గురించి పెద్ద గొడవే అయింది. పోలీసు కంప్లైంటు దాకా వెళ్దామన్నారు. ఈలోగా ఎవరో ఆ దొడ్డి పెద్దాయన్ని మా పార్కులోకి పిలిచి టీ ఇచ్చి కూర్చోబెట్టారు. చిత్రమేమిటంటే, నోరు విప్పిన వాళ్లలో సగం మంది కోడి ఊసే ఎత్తలేదు. అందరూ ఈగల గురించే. ఆయన పెంటకుప్ప సరిగ్గా మా వంటగదుల వరసకి ఎదురుగా ఉంది. అన్నం ముందు కూర్చుంటే ఈగలు. "మీ పెంట కంపు" అని మొహం మీద అనడానికి మొహమాటం, అందుకని ఇన్నాళ్లూ కోడి మీద పెట్టారు. ఆయన కుప్పను అవతలి గట్టుకి మార్చుకున్నాడు, ట్రాక్టరు ఖర్చు మేం పెట్టుకున్నాం. పుంజు మాత్రం రోజూ కూస్తూనే ఉంది. గ్రూపులో దాని మాటే లేదిప్పుడు.

నా నిద్ర సంగతంటారా, పడకగది వీధి వైపుకి మార్చుకున్నాను.

కాబట్టి ముందు మీ పెంటకుప్ప ఎక్కడుందో ఓసారి చూడండి.


జవాబు: హిమాయత్‌సాగర్_గాలి

మా మొయినాబాద్ దిక్కు కథ ఉల్టా. జంట చెరువుల చుట్టు కట్టుబడులు ఆపనీకి 1996ల వచ్చిన 111 జీవో కింద 84 ఊర్లుండె, పెద్ద బిల్డింగులు లేవలే గాని ఫామ్‌హౌస్‌లు లేచినయి. శనివారం రాత్రి పాటలు, తెల్లారేదాక ఆళ్ల కుక్కలు. మా బర్రెలు ఆళ్ల మీద కంప్లైంట్ ఇచ్చేటట్టున్నయి. అక్కా, నీకు నా సపోర్టు.


జవాబు: పశువుల_దవాఖాన_రిటైర్డ్

అమ్మా, చేవెళ్ల, షాబాద్ వైపు పశుసంవర్ధక శాఖలో లైవ్‌స్టాక్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. నువ్వు రాసిన దాంట్లో నన్ను పట్టుకున్నది ఒక్కటే: రాత్రి రెండు గంటలకు కూత.

పుంజు తెల్లవారుజామున కూయడం దాని ఒంట్లోని గడియారం పని. 2013లో జపాన్‌లోని నగోయా యూనివర్సిటీ వాళ్లు పుంజులను వెలుతురు మారకుండా మసక చీకట్లోనే ఉంచి చూశారు. అయినా అవి తెల్లారే వేళ లెక్క తప్పకుండా కూశాయి. అందుకే గూటి మీద నల్లగుడ్డ కప్పితే కూత పోతుందనేవాళ్ల మాట పూర్తిగా నమ్మకు. అయితే ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి తేలింది. బయటి నుంచి వెలుగు పడ్డా, వేరే పుంజు కూత వినబడ్డా ఇది కూస్తుంది. మామూలుగా నాలుగు, నాలుగున్నరకు మొదలవ్వాల్సింది రెండింటికే మొదలైందంటే దాన్ని ఏదో లేపుతోంది. కొత్త లేఅవుట్లలో ఎల్‌ఈడీ స్తంభాలు పాతుతున్నారు కదా, ఆ లైటు నీ గూట్లోకి కొడుతోందేమో రాత్రి లేచి ఒకసారి చూడు.

మూడు పుంజుల సంగతి. 2015లో అదే జపాన్ బృందం గమనించింది: గుంపులో పెత్తనం చేసే పుంజు ముందు కూస్తుంది, మిగతావి వాటి హోదా ప్రకారం ఒకదాని వెనక ఒకటి అందుకుంటాయి. అంటే నీ దగ్గర ఒక్క కూతకు రెండు జవాబులు. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఇరవై కోళ్లకు రెండు ఉంటే పొదుగుడు గుడ్లకు లోటుండదు. తినడానికీ అమ్మడానికీ గుడ్లు కావాలంటే అసలు పుంజే అక్కర్లేదు, పెట్ట ఊరికే పెడుతుంది. బోనాలకు అమ్మాల్సినవి ఉంటే అప్పటిదాకా చుట్టాల ఊళ్లో ఉంచు.

మెడ పట్టీ వద్దు. అది గాలి గట్టిగా బయటికి రాకుండా గొంతును బిగబట్టే పని. కొంచెం బిగుతైతే మేత దిగదు, ఇంకొంచెం బిగిస్తే చస్తుంది. మన పెద్దవాళ్ల గంప దానికంటే ఎంతో మేలు. పుంజు గట్టిగా కూయాలంటే లేచి నిలబడి మెడ నిక్కించాలి. పైకప్పు తలకు తగులుతుంటే కూత సగంలో ఆగుతుంది. రాత్రి గంప కమ్మి పొద్దున ఆరింటికి వదులు. వెదురుగంపే వాడు, గాలి ఆడాలి. ఎండాకాలంలో మాత్రం ఈ పని చెయ్యకు.

అన్నిటికంటే గట్టి మందు దూరం. మధ్యలో అడ్డం ఏమీ లేకపోయినా దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడకు 5 మీటర్లలో ఉన్న గూటిని 40 మీటర్లకు జరిపితే 18 డెసిబెల్స్ పోయినట్టే. దగ్గర నిలబడి కొలిస్తే పుంజు కూత 100 దాటుతుంది, అందుకని ఈ 18 చిన్న తేడా కాదు. ముప్పై గుంటల్లో అంత జాగా దొరకదా?

బర్రె రాత్రంతా అరిచిందంటే ఎదకొచ్చి ఉంటుంది. ఆ తారీఖు గోడ మీద రాసుకో. దాదాపు 21 రోజులకు మళ్లీ అరిస్తే ఇక అనుమానం లేదు. సందెకు ఎద కనబడితే తెల్లారి పొద్దున గోపాలమిత్రను (ఊళ్లలో పశువులకు చూడి సూది వేసే అతన్ని) పిలిచి సూది వేయించు. చూడి కట్టిందంటే ఆ అరుపు ఉండదు. దుడ్డెను పాలు మాన్పిస్తున్నా తల్లి నాలుగు రోజులు గోల చేస్తుంది, అప్పుడు రెండింటినీ ఒకదానికొకటి కనబడేలా కట్టేయి.

గిన్నికోళ్లకు నా దగ్గర వైద్యం లేదు. కొత్త మనిషి కనబడితే అరవడమే వాటి ఉద్యోగం. గోడ పక్కన పొద్దున వాకింగ్ చేసేవాళ్లు కనబడకుండా కంచెకు గ్రీన్ నెట్ కట్టి చూడు. తగ్గకపోతే మీ తమ్ముడికి తిరిగి ఇచ్చెయ్యి.

పై అబ్బాయి చెప్పిన ఈగల మాట నూటికి నూరు పాళ్లు నిజం. ఎండలకు గుడ్డు నుంచి ఈగ తయారవడానికి వారం, పది రోజులు చాలు. పెంటను వారంలోపే ఎత్తి గుంతలో వేసి మట్టి కప్పు.


కొట్టం_కాడి_అక్క:

సారూ, మీ కాల్మొక్త. నిన్న రాత్రి లేచి చూసిన. కాలనీ మూల స్తంభం లైటు సక్కగ గూట్లకే కొడుతున్నది, పుంజు నీడ గోడ మీద పడుతున్నది. ఆ స్తంభం వేసిందే ఉగాది తర్వాత. అంతకుముందు మా పుంజు ఏనాడూ రెండు గంటలకు లేవలే, మా ఆయన గూడ అదే అంటుండు.

పెంటకుప్ప గోడ దిక్కే ఉన్నది. ఆ ముచ్చట ఆళ్లు ఎన్నడూ ఎత్తలే మరి!


జవాబు: మీసాల_తాత_మనవడు

2019ల ఫ్రాన్స్‌ల ఒలెరాన్ అనే దీవిల మోరిస్ అని ఒక పుంజు మీద కేసేసిన్రు. సెలవులకు వచ్చి ఉండే పక్కింటోళ్లు వేసిన కేసు అది. కోర్టు పుంజు దిక్కే తీర్పిచ్చి, యజమానురాలికి 1000 యూరోలు కట్టుమన్నది. 2021ల ఆ దేశంల పల్లెల శబ్దాలను, వాసనలను వారసత్వం కింద గుర్తిస్తూ చట్టం గూడ చేసిన్రు. మనకాడ కేసేస్తే తీర్పు వచ్చేసరికి పుంజు మనుమడు గూడ కూరైపోతడు.


జవాబు: ఆర్‌ఆర్_జిల్లా_అడ్వకేట్

ఫ్రాన్స్ తీర్పు ఇక్కడ పనికిరాదు. మన చట్టం ఏమంటుందో చెప్తాను.

సెక్రటరీ నోటితో అన్నది నోటీసు కాదు. ఏ నిబంధన కింద, ఏ ఫిర్యాదు మీద అని రాసి ఇమ్మనండి. కాగితం రాకుండా గూడు మీద చెయ్యి వేయనివ్వకండి.

శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6. పరిమితికి 10 డెసిబెల్స్ పైన దాటితే ఫిర్యాదు చేసే వీలుంది. కానీ ఆ నియమాలు మైకులు, హారన్లు, టపాసులు, నిర్మాణ యంత్రాల గురించి రాసినవి, వాటిలో కోడి పేరు, బర్రె పేరు లేవు. మీ క్లబ్‌హౌస్ డీజే మాత్రం నేరుగా వాటి కిందకే వస్తుంది. వచ్చే చవితికి రాత్రి పది దాటితే అనుమతి కాగితం ఉందేమో అడగండి, లేదంటే 100కి ఫోన్ చేయండి.

కాలనీవాళ్లు గట్టిగా పోవాలనుకుంటే వాళ్లకున్న దారి పబ్లిక్ న్యూసెన్స్. భారతీయ న్యాయ సంహితలో 270వ సెక్షన్ నిర్వచనం, 292 కింద వెయ్యి రూపాయల దాకా జరిమానా. పాత ఐపీసీలో అదే 200 ఉండేది. దాన్ని మించింది నాగరిక్ సురక్షా సంహిత 152, అంటే పాత సీఆర్‌పీసీ 133. దీని కింద ఆర్డీవో షరతులతో ఉత్తర్వు ఇవ్వగలరు. మీరు హాజరై మీ మాట చెప్పుకోవడానికి ఆయన అవకాశం ఇవ్వాల్సిందే. ఒక్క ఇంటాయన నిద్ర చెడితే అది పబ్లిక్ న్యూసెన్స్ కాదు, నలుగురికీ ఇబ్బంది అని చూపించాలి. ఒక్కరి బాధ అయితే సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే ఆపమనే ఉత్తర్వు అడుగుతారు.

"నేను ముందు నుంచి ఉన్నాను కదా" అన్నారు. నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది పెట్టుకునే ఆశ ఇదే. ఆ మాట ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. తర్వాత వచ్చి ఇల్లు కట్టుకున్నవాడికీ దావా వేసే హక్కుంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్లో 20 ఏళ్లు సాగితే హక్కు వస్తుందనే లెక్క ఉంది గానీ, అవతలివాడికి ఇబ్బంది కలిగిస్తూ అన్నేళ్లు సాగాలి. పక్కన మక్క చేను ఉన్నప్పుడు ఎవరి నిద్రా చెడలేదు, కాబట్టి మీ మామగారి కాలం దాంట్లో కలవదు. మీకు బలం ఎక్కడంటే, కోర్టు ఆ చోటు స్వభావం చూస్తుంది. పట్టా భూమి, పల్లె, రెండు బర్రెలు, ఇరవై కోళ్లు. పల్లెలో ఉండే మామూలు మనిషి ఏమాత్రం ఓర్చుకుంటాడు అనేదే కొలమానం. రిటైర్డ్ సారు చెప్పినట్టు గూడు జరిపి, పుంజులను తగ్గించి, వాటి ఫొటోలు తారీఖుతో పెట్టుకుంటే ఆ బలం ఇంకా పెరుగుతుంది.

బియ్యంలో ఏదో కలుపుతానన్న మెసేజ్ స్క్రీన్‌షాట్ చెరపకండి. జంతువును విషం పెట్టి చంపితే న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ల దాకా జైలు. నవ్వే బొమ్మ పెట్టినంత మాత్రాన తేలిపోదని అతనికి ఎవరైనా చెబితే మంచిది.

ఇంకోటి, వానాకాలంలో రాత్రిపూట అరుపులని ఫిర్యాదు చేస్తే అవి మీ కోళ్లవో నెమళ్లవో ముందు తేల్చండి. మీ వైపు నెమళ్లు తిరుగుతాయి. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ పోలేరు.

వకీలు ఫీజు గురించి బెంగ వద్దు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి. కేసు దాకా పోకుండా లోక్ అదాలత్‌లో కూర్చుని మాట్లాడుకునే వీలు కూడా ఉంటుంది.


కొట్టం_కాడి_అక్క:

అందరికి దండాలు. జరిగింది చెప్త.

కాలనీ ప్రెసిడెంటు మేడమ్‌కు పొద్దున పాలు పోసేది నేనే. పోసి అక్కడ్నే నిలవడి లైటు ముచ్చట చెప్పిన. ముందు నమ్మలే. రాత్రి తొమ్మిదికి చెప్పులేసుకొని వచ్చి గూడు ముందట నిలవడి చూసింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి లైటును ఆళ్ల రోడ్డు మీదికి తిప్పించింది, పైన రేకు గూడ పెట్టించింది. రెండు గంటల కూత బందయ్యింది. నాలుగున్నరకు ఒకటే కూస్తున్నది. మిగిలిన రెండు పుంజులను బోనాల దాక మా అమ్మగారింటికి తోలిచ్చిన.

గూడు జరిపే పని మా ఆయన ఆదివారం ఆదివారం చేస్తుండు, పూర్తి కాలే. పెంటకు అవతలి మూలకు గుంత తీసిచ్చిన. కాలనీల ఇద్దరు మొక్కలకు కావాలని తట్టలు పట్టుకొని వచ్చిన్రు, పైసలు గూడ ఇచ్చిన్రు. ఇది మాత్రం నేను అనుకోలే.

సైలెంట్ మోడ్ సారుకు మాత్రం తృప్తి లేదు. గిన్నికోళ్లు పోవాలె అంటడు. గ్రీన్ నెట్ కట్టినంక జెర తగ్గింది, బందు కాలే. తమ్ముడికి ఫోన్ చేస్తే "పాములొస్తే నన్ను అనొద్దు" అంటుండు, తీసుకపోతలేడు. మీలో ఎవలికన్న కావాలంటే చెప్పున్రి, ఊకెనే ఇస్త.

వకీలు సారూ, ఇంకొక్కటి. సెక్రటరీ నిజంగనే కాగితం తెచ్చిండు. "అనుమతి లేకుండా కోళ్ల ఫారం నడుపుతున్నారు" అని రాసి, వారంల జవాబు ఇయ్యమన్నడు. సంతకం పెట్టి తీసుకున్న. ఇప్పుడేం రాయాలె?


ఆర్‌ఆర్_జిల్లా_అడ్వకేట్:

తీసుకోవడం మంచిదే అయింది. తెల్లకాగితం మీద మీ చేత్తో రాయండి చాలు. భూమి సర్వే నంబరు, పట్టా పాస్‌బుక్ నకలు, పశువులు ఎన్ని, కోళ్లు ఎన్ని, ఇంటి అవసరానికి పెంచుకుంటున్నాం, ఇది ఫారం కాదు అని. గూడు ఎంత దూరం జరుపుతున్నారో, పెంటగుంత ఎక్కడ తీశారో రాసి ఫొటోలు జతచేయండి. లైటు తిప్పించాక రాత్రి కూత ఆగిందని ప్రెసిడెంటు మేడమ్ చేత రెండు ముక్కలు రాయించగలిగితే అదీ పెట్టండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి పంచాయతీలో ఇచ్చి రెండో దాని మీద ముద్ర, తారీఖు వేయించుకోండి. ముద్ర వేయనంటే రిజిస్టర్ పోస్టులో పంపి, ఒక నకలు మండల పంచాయతీ అధికారికి కూడా పెట్టండి.

గిన్నికోళ్లు నాకొద్దు, మాది అపార్ట్‌మెంటు.